పాత జీపుకు కొత్త బ్రేకులు వేసుకోనివ్వండి

కేంద్ర రహదారి రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,



బీదర్ జిల్లా భాల్కి నుంచి రాస్తున్నాను. లాతూరు మాకు పొరుగూరు లాంటిది. మా బజారులో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ నడుస్తాయి. మా ఇంట్లో తెలుగు కాబట్టి ఈ లేఖ తెలుగులో సాగుతోంది. మీకు మరాఠీలో చెప్పాల్సి వస్తే, చెప్పేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ముప్పై నలభై ఏళ్ల నాటి జీపును ఇంటి దగ్గర విప్పి బాగుచేసుకునేవాడు దానికి మంచి బ్రేకులు, సీటు బెల్టులు, దారి కనిపించే లైట్లు పెట్టుకుంటానంటే, సరేనని చెప్పే దారి మన నిబంధనల్లో కనబడడం లేదు. వద్దని చెప్పే సెక్షన్లు మాత్రం ఉన్నాయి. ఆ దారి వేయమనే ఈ విన్నపం. ఇందుకు పార్లమెంటులో కొత్త చట్టం తేవాల్సిన పనిలేదు. మీ శాఖ ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు. అదెలాగో చివర్లో వివరిస్తాను.

మా వైపు ఈ పాత జీపులు ఇంకా ఎందుకున్నాయని మీకు అనిపించవచ్చు. బీదర్ పట్టణం ఎర్ర లేటరైట్ గుట్ట మీద ఉంటే, భాల్కి చుట్టుపక్కల చాలా మేర నల్లరేగడి. వాన పడ్డ మర్నాడు పొలం బాటలో మామూలు కారు ఇరుసు దాకా దిగబడుతుంది. బైకు చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య మట్టి ఇరుక్కుని బండి కదలదు. సోయా, కంది, చెరకు పండించే ఊళ్లలో పొలానికీ తారురోడ్డుకూ మధ్య ఆ చివరి రెండు మూడు కిలోమీటర్లు దాటించేది ట్రాక్టరు, లేదంటే నాలుగు చక్రాలూ లాగే ఫ్రంట్ గేరున్న జీపు. ట్రాక్టరు మీద పురిటినొప్పుల మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్లలేం. జీపులో తీసుకెళ్లగలం.

ఇవి మాకు దూరపు బళ్లు కూడా కావు. మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది 1947లో. సీజే3బీ రూపం అమెరికాలో 1953లో వచ్చింది. అక్కడ ఆ బండి ఆగిపోయాక కూడా మన దగ్గర దశాబ్దాలపాటు తయారవుతూనే ఉంది. ప్యూజో డీజిల్ ఇంజినుతో వచ్చిన ఎంఎం540 ఆ వంశంలోదే. మాకు దగ్గర్లోని జహీరాబాద్‌లో ఒకప్పుడు ఆల్విన్ నిస్సాన్ బళ్లు తయారైన కార్ఖానా తర్వాత మహీంద్రా చేతికి వచ్చి, ఇప్పుడు ట్రాక్టర్లు చేస్తోంది. కాబట్టి పాత మహీంద్రా ఇంజిను శబ్దం విని రోగం చెప్పగల మిస్త్రీలు ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు.

ఊళ్లలోకి జీపులు ఎక్కువగా వచ్చింది సర్కారు వేలాల్లోంచే. నీటిపారుదల శాఖో, అటవీ శాఖో పక్కన పెట్టేసిన బండిని పాటలో కొనుక్కుని, ఇంటి ముందు వేపచెట్టు కింద పెట్టి, చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా కొంత కొంత బాగుచేసుకునేవాళ్లు. ఆ దారి మూసుకుపోయింది. 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి పొడిగించడం లేదు. అవి తుక్కు కేంద్రానికి పోవాల్సిందే. దానిమీద నాకు పేచీ లేదు. కానీ ఉన్న బళ్లే ఇక మిగిలిన బళ్లని అర్థం. వాటిని బాగా ఉంచుకోవడం ఎలాగన్నదే మా ముందున్న ప్రశ్న.

ఇంటి దగ్గర జీపు బాగుచేయడమంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. ముందు బాడీ దించి ఛాసిస్ చూడాలి. చిన్న సుత్తితో పొడవునా తట్టుకుంటూ పోతే గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తుప్పు తిన్నచోట బొదబొదమంటుంది. కమాన్ల బ్రాకెట్లున్న చోటా, వెనక అడ్డకమ్మీ దగ్గరా ఆ చప్పుడు తరచుగా మారుతుంది. అక్కడ పుట్టీ పూసి రంగేస్తే చూపుకు బండి కొత్తది, లోపల చావు. ఆ ముక్క కోసేసి అంతే మందం ఇనుము వేసి వెల్డింగ్ చేయించాలి. తర్వాత కమాన్ బుష్షులు, స్టీరింగ్ ప్లే, కింగ్ పిన్నులు, హౌసింగ్ ఆయిల్ సీళ్లు, పంపు కాలిబ్రేషన్, నాజిళ్లు, హీటర్ ప్లగ్గులు. సామాను కోసం సికింద్రాబాద్ రాణీగంజ్ తిరగాలి, అక్కడ దొరకనిది విజయవాడ ఆటోనగర్‌లో అడగాలి. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. పాడైనదాన్ని ఎప్పటిలా చేయడం మరమ్మతే.

చిక్కంతా ఎప్పటికంటే మెరుగ్గా చేద్దామన్నప్పుడే.

బ్రేకుల సంగతి తీసుకోండి. పాత జీపుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. వాగు దాటి గట్టెక్కేసరికి డ్రముల్లోకి నీళ్లు చేరి ఉంటాయి. పెడల్ తొక్కితే మొదటి రెండుసార్లు బండి ఆగదు. మూడోసారి ఒక చక్రం ముందు పట్టుకుంటుంది, బండి ఆ పక్కకు లాగేస్తుంది. పాత బళ్లలో చాలావాటికి బ్రేకు ఆయిల్ పైపు నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే. ఏ ఒక్క చక్రం దగ్గర రబ్బరు వాషరు చిరిగినా పెడల్ నేల దాకా పోతుంది, నాలుగు బ్రేకులూ ఒక్కసారే పోతాయి. ఇవన్నీ పాడైన బండి లక్షణాలు అనుకునేరు. కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న బండి తీరు ఇది.

దీనికి మందు తెలిసిందే. ముందు చక్రాలకు డిస్కులు, ముందుకూ వెనక్కూ విడివిడిగా ఆయిల్ పంపే రెండు గదుల మాస్టర్ సిలిండరు, కాలి బలాన్ని పెంచే బూస్టరు. డీజిల్ ఇంజినుకు పెట్రోలు ఇంజినులా వ్యాక్యూమ్ పుట్టదు కాబట్టి బూస్టరు పనిచేయాలంటే వ్యాక్యూమ్ పంపు కూడా కావాలి; దాన్ని ఆల్టర్నేటరుకే తగిలించే ఏర్పాటుంది. ఇదంతా అదే కంపెనీ తర్వాతి బళ్లలో వచ్చిన సామానే. మధ్యలో ఒక బ్రాకెట్ లేత్ మీద చేయించాలి. ఆ బ్రాకెట్ ఎంత మందం ఉండాలి, ఏ గ్రేడు బోల్టు వేయాలి అన్నది ప్రాణాల సంగతి. అది చెప్పే కాగితం మాత్రం ఎక్కడా లేదు. మిస్త్రీ అనుభవమే ప్రమాణం.

లైట్లదీ అదే కథ. పాత జీపు హెడ్‌లైటు మసగ్గా వెలిగితే కుర్రాళ్లు బజారులో కళ్లు జిగేల్‌మనే బల్బులు కొని తగిలిస్తారు, ఎదుటివాడికి దారి కనపడదు. నిజానికి బల్బుది తప్పు కాదు. కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్చి గుండా సన్నటి పాత తీగలో తిరిగి వచ్చేసరికి కొంత శక్తి దారిలోనే పోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా లావు తీగ లాగి మధ్యలో ఒక రిలే పెడితే అదే బల్బు, అదే వాట్లు చక్కగా వెలుగుతాయి. సీటు బెల్టు కూడా అంతే. పల్చటి ఫ్లోరు రేకుకు బోల్టు వేసి బెల్టు బిగిస్తే గుద్దుకున్నప్పుడు రేకు చిరిగి బోల్టుతో సహా ఊడొస్తుంది. కింద మందపాటి ప్లేటు వేసి, వీలైతే ఛాసిస్‌కు కట్టిన రోల్ బార్‌కు బిగించాలి. ఇలాంటి విషయాలు చెప్పాల్సిన నిబంధన మౌనంగా ఉంటే, ఆ చోటును బజారు నింపుతోంది.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా ఖాయం చేసింది. అదే ఏడాది మీ శాఖ తెచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది: అనుమతి లేని విధంగా విడిభాగాలు మార్చి తగిలిస్తే యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

ఇక్కడే మెలిక. ఆర్‌సీలో ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్లు, ఇంధనం, ఖాళీ బండి బరువు ఉంటాయి. బ్రేకు డ్రమ్మా డిస్కా అన్న వివరం ఉండదు. మరి డిస్కు వేస్తే 52వ సెక్షన్ మీరినట్టా, కాదా? ఒక ఇన్‌స్పెక్టరు పెడల్ తొక్కి చూసి బాగుందని సంతకం పెడతాడు. ఇంకొకరు ఒరిజినల్ సామాను పెట్టి తీసుకురమ్మంటారు. నాకు తెలిసిన ఒకాయన ఫిట్‌నెస్ కోసం డిస్కులు విప్పి, పాత డ్రమ్ములు బిగించి చూపించి, సర్టిఫికెట్ చేతికొచ్చాక మళ్లీ డిస్కులు వేసుకున్నాడు. ఆయన్ను నేను తప్పు పట్టను, సంతకం పెట్టని అధికారినీ తప్పు పట్టను. రాతలో లేనిదానికి సంతకం పెట్టి రేపు ప్రమాదం జరిగితే జవాబు చెప్పాల్సింది ఆ అధికారే. కానీ ఫలితం చూడండి: బండి బాగా ఆగే స్థితిలో ఉన్నప్పుడు దొంగ, సరిగ్గా ఆగని స్థితిలో ఉన్నప్పుడు దొర.

పాత బళ్ల కోసం మీరు 2021 జులైలో వింటేజ్ నిబంధనలు తెచ్చారు. మంచి పనే. కానీ అవి 50 ఏళ్లు దాటిన బళ్లకు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు కట్టి వీఏ నంబరు తీసుకున్న ఆ బండిని ప్రదర్శనకో ర్యాలీకో తప్ప రోజువారీ పనికి రోడ్డెక్కించకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజిను మొదటి రూపంలోనే ఉండాలి. ఇది షోకేసులో పెట్టుకునేవారికి సరిపోతుంది. 1988 నాటి జీపుకు 50 ఏళ్లు నిండేది 2038లో. అప్పుడైనా దానిమీద ఎరువుల బస్తా వేసుకుని పొలానికి పోకూడదు. ఇరవై ఏళ్లు దాటి, యాభై నిండక, రోజూ పనిచేసే బండికి మీ పుస్తకంలో ఉన్నది ఒక్క ఫీజు మాత్రమే. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన తేలికపాటి వాహనాలకు 10,000 అయింది. ఫీజు పెంచితే ముసలి బళ్లు తప్పుకుంటాయని లెక్క. మా వైపు జరిగేది వేరు. ఆ పదివేలు బ్రేకుల మీద పెట్టాల్సిన డబ్బు. కొందరైతే రిజిస్ట్రేషనే మానేసి పొలం బాటలకే బండిని పరిమితం చేస్తారు. అది ఏ తనిఖీకీ దొరకదు, ఇన్సూరెన్సూ ఉండదు.

ఈ బళ్ల మీద బతుకుతున్నవాళ్లు మా రాష్ట్రంలోనే ఎందరో. కొల్లూరు నుంచి కొడచాద్రి కొండ మీదికి, కొడగులో మాందల్‌పట్టికి యాత్రికులను ఎక్కించేవి జీపులే. ఆంధ్రలో అరకు దారిలో కటికి జలపాతానికి వెళ్లాలన్నా జీపే ఎక్కాలి. ఒక పక్క లోయ, ఒక పక్క రాళ్లు, బండినిండా జనం. ఆ బళ్లకు మంచి బ్రేకులు ఉండడం ఎవరి కోరికో, ఎవరి అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

అవతలి పక్షం వాదన కూడా నాకు తెలుసు. పాత జీపుల పేరుతో జరిగే అడ్డగోలు పనులు తక్కువేమీ కాదు. తుక్కులోంచి ఛాసిస్ తెచ్చి ఇంకో బండి నంబరు కొట్టేవాళ్లున్నారు. పెద్ద పెద్ద టైర్లు వేసి బాడీ ఆకాశానికి లేపేవాళ్లున్నారు. అలా లేపిన బండి మలుపులో బోర్లా పడుతుంది. ముందు తగిలించే బుల్‌బార్లను 2017 డిసెంబరులో మీ శాఖే నిషేధించింది, సరైన పనే. పొగ మాట కూడా నిజం. భారత్ స్టేజ్ నిబంధనలేవీ పుట్టకముందు తయారైన డీజిల్ ఇంజినిది. పొగ పరీక్ష కఠినంగా పెట్టండి, తప్పిన బండిని ఆపేయండి. మేం అడిగేది షోకును, భద్రతను ఒకే గాటన కట్టవద్దనే. బుల్‌బారుకూ డిస్కు బ్రేకుకూ ఒకే సెక్షన్, ఒకే 5,000 జరిమానా ఉంటే చట్టానికి ఆ రెంటి మధ్య తేడా తెలియదని జనం అనుకుంటారు.

ఈ చిక్కు ఇతర దేశాలకూ వచ్చింది. జర్మనీలో బండికి చేసిన మార్పును సాంకేతిక తనిఖీ సంస్థ పరీక్షించి, సరిగ్గా ఉంటే బండి కాగితాల్లో ఎక్కిస్తారు. ఆ తర్వాత దారిలో ఏ పోలీసూ దాన్ని ప్రశ్నించే పని ఉండదు. 30 ఏళ్లు దాటిన, బాగా కాపాడిన బండికి వేరే నంబరు ప్లేటు ఇస్తారు, దాన్ని రోడ్డు మీద వాడుకోనిస్తారు కూడా. ఆస్ట్రేలియాలో తేలికపాటి వాహనాల మార్పులకు జాతీయ ప్రమాణాల పుస్తకమే ఉంది. ఏ మార్పు సొంతంగా చేసుకోవచ్చు, దేనికి గుర్తింపు పొందిన ఇంజినీరు సంతకం కావాలి అన్నది అందులో విడివిడిగా రాసి ఉంటుంది. మాకు ఆ పుస్తకంలాంటిది కావాలి.

దాన్ని రాసే అధికారం మీకు ఇప్పటికే ఉంది. 2019 సవరణ 52వ సెక్షన్‌కు చేర్చిన మాటల్ని ఒకసారి చూడండి. బళ్లలో మార్పులకు, అదనపు భాగాలు తగిలించడానికి ప్రమాణాలు, అనుమతి షరతులు కేంద్రం నిర్దేశించవచ్చని అందులో ఉంది. భద్రతా పరికరాలు అమర్చాలని తయారీదారును ఆదేశించే అధికారమూ అందులో ఉంది. వికలాంగుడు తన బండిని తనకు అనువుగా మార్చుకుని, తర్వాత రిజిస్ట్రేషన్ అధికారి ఆమోదం తీసుకునే వీలు అదే సెక్షన్ ఇస్తోంది. అనుమతి ఉన్న కిట్టయితే సీఎన్‌జీ సిలిండరు పెట్టుకోవచ్చు, ఇంజిను తీసేసి బ్యాటరీ కూడా పెట్టుకోవచ్చు. గ్యాసు సిలిండరును నమ్మిన చట్టం బ్రేకు డిస్కును నమ్మడానికి అడ్డేమిటి?

కాబట్టి మా కోరికలు ఇవి.

ఒకటి: ముందు డిస్కు బ్రేకులు, రెండు గదుల మాస్టర్ సిలిండరు, బూస్టరు, మూడు బిందువుల సీటు బెల్టులు, రోల్ బార్, పవర్ స్టీరింగు, నిర్ణీత వాట్లకు లోబడిన లైట్లు: వీటిని భద్రతా మార్పులుగా ప్రకటించి, పుణెలోని ఏఆర్‌ఏఐ వంటి వాహన పరిశోధన సంస్థతో బ్రాకెట్ మందం మొదలు బోల్టు గ్రేడు దాకా ప్రమాణాలు రాయించండి. వాటిని కన్నడంలో, తెలుగులో, మరాఠీలో, ఉర్దూలో మిస్త్రీ చదువుకునేలా అచ్చు వేయండి.

రెండు: పాత జీపులు చేసిన కంపెనీలు ఆ బళ్లకు సరిపోయే బ్రేకు కిట్లు, బెల్టు కిట్లు అనుమతితో అమ్మేలా, 52వ సెక్షన్ ఇచ్చిన అధికారాన్ని వాడండి. కిట్టు పెట్టెలో దొరికితే లేత్ మీద ఊహతో బ్రాకెట్ కోసే పని తప్పుతుంది.

మూడు: పని పూర్తయ్యాక రోలర్ బ్రేక్ టెస్టర్ మీద పరీక్షించి, పాసైతే ఆ మార్పును ఆర్‌సీలో రాయించండి. ఆ యంత్రం బండి పుట్టిన సంవత్సరం అడగదు, ఏ చక్రం ఎంత బలంతో ఆగుతోందో చెప్తుంది. పరీక్ష కోసం బీదర్ రైతు కలబురగి దాకా, హైదరాబాద్ దాకా బండి నడుపుకుంటూ పోవాల్సిన అవసరం లేకుండా జిల్లాకొకటి ఉండాలి.

నాలుగు: భద్రతా మార్పులు చేయించి పాసైన పాత బండికి రిజిస్ట్రేషన్ ఫీజు తగ్గించండి. తుక్కుకు ఇచ్చి కొత్త బండి కొనేవాడికి రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చన్నారు. ఉన్న బండిని ప్రమాదం లేకుండా చేసుకునేవాడికి అందులో కొంతైనా ఇవ్వడం న్యాయం.

2023లో మన దేశంలో రోడ్ల మీద 1.72 లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ సంఖ్య తగ్గాలని వేదిక మీదా, సభలోనూ మీరు అంటూనే ఉన్నారు. మా జీపులు ఆ లెక్కలో చాలా చిన్న భాగం కావచ్చు. కానీ సొంత డబ్బుతో, సొంత ఇంటి ముందు, ప్రభుత్వాన్ని పైసా అడగకుండా బండిని భద్రంగా చేసుకోవడానికి సిద్ధపడినవాళ్లు వీళ్లు. వీళ్లను నేరస్తుల జాబితాలోంచి తీసేయడానికి ఒక్క నోటిఫికేషన్ చాలు. దాని ముసాయిదా బయటపెట్టి, అభిప్రాయాలు చెప్పమని మమ్మల్ని అడగండి. పానా పట్టుకునే ప్రతి చేతికీ చెప్పాల్సింది ఉంది.

ఇట్లు,
భాల్కి నుంచి ఒక జీపు యజమాని